చిలికా గట్టున తమ్ముడి కవాతు

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న నౌకాదళ శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ చిలికాలో పిల్లల పాసింగ్ అవుట్ పరేడ్, అంటే శిక్షణ ముగింపు కవాతు, చూడటానికి బయలుదేరే తల్లిదండ్రులు రైలు టికెట్టుతో పాటే గది కూడా మాట్లాడుకోవడం మంచిది. దానికి దగ్గరి స్టేషను బాలుగావ్ చిన్న ఊరు, అక్కడ గదులు తక్కువ. కవాతుకు ముందురోజు దేశం నలుమూలల నుంచీ జనం దిగుతారు. గోడమీది పట్టికలో 900 రూపాయలని రాసి ఉన్న గదికి మా దగ్గర 2,500 తీసుకున్నారు. మా వెనక నిలబడిన రాజస్థాన్ దంపతుల దగ్గర అంతకన్నా ఎక్కువే అడిగారు. ఆ తండ్రి తలపాగా సర్దుకుంటూ, చేతిలోని నోట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. కొడుకు సైనిక దుస్తుల్లో నడిచే రోజును జీవితంలో ఒక్కసారి చూడటానికి వచ్చినవాళ్ల అవసరాన్ని ఇలా సొమ్ము చేసుకోవడం అన్యాయమని ఇప్పటికీ అనుకుంటున్నాను.

కానీ నేను ఇది రాయడానికి కారణం ఆ గది కాదు. విశాఖపట్నం నుంచి బాలుగావ్ దాకా మా ఎదురు సీటులో కూర్చుని వచ్చిన ఒక పెద్దాయన.

మాది కంభం దగ్గరి పల్లె. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివిన మా తమ్ముడు నౌకాదళంలో అగ్నివీర్ పరీక్షకు సిద్ధమైనప్పుడు లెక్కలూ సైన్సూ నా దగ్గరే చదివాడు. ఎంపికై చిలికాకు వెళ్లిన రోజు నుంచీ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ‘నాలుగేళ్ల ఉద్యోగమేగా’ అనే మాటతోనే మొదలుపెట్టేవారు. అగ్నివీరులను తీసుకునే, 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో కాలపరిమితి నాలుగేళ్లన్నది నిజమే, ఆ తరువాత కొనసాగేవారు 25 శాతానికి మించరన్నదీ నిజమే. మొదటి ఏడాది నెలకు 30,000 జీతమనీ, అందులో 9,000 నాలుగేళ్ల చివర చేతికిచ్చే సేవానిధికి పోతుందనీ మా వీధిలో అందరూ లెక్క చెప్పగలరు. తమ్ముడికి ఎలక్ట్రికల్ శాఖ వచ్చిందని చెబితే మాత్రం, ఆ శాఖలో ఏం పని ఉంటుందని అడిగినవారు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే పాఠాలు చెప్పే నాకు కూడా ఓడలోని విద్యుత్తు గురించి ఏమీ తెలియదు.

నాన్న గేదెలను విడిచి రాలేక ఇంటి దగ్గరే ఉండిపోయారు. అమ్మా నేనూ రాత్రి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గుంటూరు, బెజవాడ నిద్రలోనే దాటిపోయాయి. విశాఖలో ఆ పెద్దాయన ఎక్కారు. భువనేశ్వర్‌లో కూతురి ఇంటికి వెళుతున్నారట. అమ్మకు ఎదుటివారితో మాట కలపడానికి రెండు నిమిషాలు చాలు, కొత్తవలస రాకముందే మా వాడి సంగతంతా ఆయనకు చెప్పేసింది. చిలికా పేరు వినగానే ఆయన చేతిలోని పత్రిక మడిచి పక్కన పెట్టారు. నౌకాదళంలో ఎలక్ట్రికల్ శాఖలోనే పనిచేసి రిటైరయ్యారట.

“కరెంటు పని ప్రమాదం కాదా అన్నయ్యగారూ?” అని అమ్మ అడిగింది. ఆయన తేలికమాటతో దాటవేయలేదు. “ప్రమాదమే చెల్లెమ్మా. అందుకే అంత శిక్షణ” అన్నారు.

శిక్షణ ఎక్కడన్నది ఆయనే చెప్పారు. చిలికా తరువాత కొంతకాలం యుద్ధనౌకల మీద సముద్ర శిక్షణ ఉంటుందట. ఆపైన శాఖను బట్టి ఒక్కొక్కరూ ఒక్కో చోటికి పోతారు. ఇంజన్ల వారు లోనావలాలోని ఐఎన్‌ఎస్ శివాజీకి, ఎలక్ట్రికల్ వారు జామ్‌నగర్‌లోని ఐఎన్‌ఎస్ వల్సురకు. వల్సుర 1942 డిసెంబరు 15న టార్పెడోల, అంటే నీటిలో దూసుకుపోయి ఓడలను పేల్చే ఆయుధాల, శిక్షణ కేంద్రంగా మొదలైందట. ఆ కాలపు నౌకాదళంలో ఓడలోని విద్యుత్తు పనులు కూడా టార్పెడోల వారి చేతిలోనే ఉండేవి కాబట్టి, పోనుపోను అది విద్యుత్తు విద్యకే నిలయమైందని ఆయన వివరించారు.

“మామయ్యగారూ, ఓడకు ఎర్తింగ్ ఎలా ఇస్తారు? నేల ఉండదు కదా” అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆయన ముఖం వికసించింది. ఓడలో ఇనుప శరీరమే ఎర్తు అన్నారు. సరఫరా తీగలను ఆ శరీరానికి తగలకుండా విడిగా ఉంచుతారు. ఎక్కడైనా ఒక తీగ ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే ఇంట్లోలాగా ఫ్యూజు పోదు, ఏదీ ఆగదు, అన్నీ మామూలుగానే నడుస్తుంటాయి. స్విచ్‌బోర్డు మీద వరుసగా ఉండే ఎర్త్ ల్యాంపుల్లో ఒకటి మాత్రం మసకబారుతుంది. “ఆ మసకను చూసి ఊరుకున్నవాడు ఎలక్ట్రీషియన్ కాడమ్మా. రెండో తీగ కూడా ఇంకెక్కడో తగిలిందంటే అప్పుడు షార్టే. అది చుక్కాని తిప్పే మోటారు లైనయితే ఓడ చేయి జారినట్టే.” ఆ మొదటి లోపాన్ని వెతకడానికి ఒక్కో సర్క్యూటూ ఆపి చూసుకుంటూ గంటల తరబడి ఓడ అడుగుభాగమంతా పాకిన రాత్రుల గురించి చెప్పారు. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద తేమ పేరుకుని ఇన్సులేషను ఎలా పడిపోతుందో, ఇన్సులేషనును కొలిచే మెగ్గరు అనే పరికరంతో కొలిచి రిజిస్టరులో రాసిన అంకెలు నెలనెలా తగ్గుతుంటే ఏం చేయాలో చెబుతూ, తన వేలితోనే కిటికీ గాజు మీద ఆ స్విచ్‌బోర్డు గీశారు. పలాస, ఇచ్ఛాపురం ఎప్పుడు దాటాయో నేను గమనించనేలేదు.

బరంపురంలో ఎక్కిన కుటుంబం సర్దుకుని కూర్చున్నాక ఆయన మాట ఇంటివారి మీదికి మళ్లింది. తాను జామ్‌నగర్‌లో ఉన్నప్పుడు ఫోన్లు లేవు, ఉత్తరాలే. తోటివారికి వచ్చే ఉత్తరాల్లో పొలం తగాదాలూ అప్పులూ ఉండేవట, ఆ వారం వారికి పాఠం బుర్రకెక్కేది కాదు. ఆయన తండ్రి విజయనగరం దగ్గర బియ్యం మిల్లులో ఆయిలింజను నడిపేవారు. పెద్దగా చదువుకోలేదు. అయినా ప్రతి ఉత్తరం చివరా యంత్రాల గురించి ఒక ప్రశ్న రాసేవారు: ఈ వారం ఏ యంత్రం విప్పారు, దానికి వేడెక్కే జబ్బు ఉందా, బేరింగు ఎలా తీశారు అని. “ఆ ప్రశ్నకు జవాబు రాయాలంటే నేను చదవాల్సి వచ్చేది. తెలియకపోతే మాస్టారును అడగాల్సి వచ్చేది. మా నాన్నకు అర్థమయ్యేలా రాయగలిగితే నాకు వచ్చినట్టే” అన్నారు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను సంచిలోంచి కాగితం తీసి ఆయన చెప్పిన పేర్లన్నీ రాసుకున్నాను.

రంభ దగ్గరకు వచ్చేసరికి కుడివైపు కిటికీలో చిలికా కనిపించింది. ఆయన లేచి అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. విజయనగర రాజుల కాలం నాటి మా కంభం చెరువును మించిన నీరు ప్రపంచంలో లేదని అమ్మ నమ్మకం. అవతలి ఒడ్డు కనిపించని ఈ నీటిని చూసి, ఇందులో సముద్రం కలుస్తుందనీ నీళ్లు ఉప్పగా ఉంటాయనీ విని, “వీడిని చెరువులో దిగనివ్వకుండా పెంచామే” అంది. నీటి భయం ఉన్న మా వాడు ఈతలో ఎలా గట్టెక్కాడోనన్నదే శిక్షణ కాలమంతా ఆమె దిగులు.

మరునాడు కవాతు సూర్యాస్తమయం తరువాత జరిగింది. తొలి అగ్నివీరుల కవాతు 2023 మార్చి 28న ఇలాగే చీకటిపడ్డాక జరిగిందని, అంతకుముందు ఉదయం పూట జరపడమే ఆనవాయితీ అని పక్కన కూర్చున్నవారు చెప్పారు. దీపాల వెలుగులో ఆ తెల్లని వరుసల్లో మా వాడెక్కడున్నాడో అమ్మ నాకన్నా ముందే గుర్తుపట్టింది. నౌకాదళం వారి సెల్యూట్‌లో అరచేయి కిందికి ఉంటుంది. గ్రీజూ తారూ అంటిన చేయి పై అధికారికి కనిపించకూడదని పూర్వం నావికులు అలా తిప్పారని చెబుతారు. రైల్లో విన్న మాటల తరువాత ఆ సెల్యూట్ నాకు పనిచేసే చేతుల గౌరవంలా తోచింది, కళ్లు చెమర్చాయి.

కవాతు అయ్యాక కలుసుకోవడానికి కొంత సమయం ఇచ్చారు. వాడు సన్నబడ్డాడు, నడక మారింది. ఈత పరీక్ష గట్టెక్కానని మొదట అమ్మకే చెప్పాడు. నేను ఎర్త్ ల్యాంపుల గురించి అడిగితే ఆశ్చర్యపోయి, “నీకెలా తెలుసు అక్కా?” అన్నాడు. తరువాత తనే, మూడు ఫేజుల మధ్య సరిగ్గా 120 డిగ్రీలే ఎందుకుండాలని అడిగాడు. చుట్టూ అందరూ ఫొటోలు దిగుతుంటే మేమిద్దరం ఒక కాగితం వెనక ఫేజుకొకటిగా మూడు బాణాలు గీసి కూర్చున్నాం. మూడింటినీ వరుసగా కలుపుతూ పోతే చివరి బాణం మొన మొదటిదాని మొదలుకే చేరుతుంది, అంటే ఏ క్షణంలోనైనా మూడింటి మొత్తమూ సున్నా. అది చూసి వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ తెచ్చిన అరిసెలు వాడు తినడం ఆ తరువాతే మొదలైంది.

చిలికాలోని కాళీజాయి అమ్మవారి దీవికి వెళ్లాలన్న అమ్మ కోరిక ఈసారి తీరలేదు. తిరుగు రైలులో సీటు దొరకడమే గగనమైంది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. జామ్‌నగర్‌కు వెళ్లాలంటే మేము బెజవాడ వెళ్లి పూరీ-ఓఖా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, అది వారానికొకసారే వస్తుంది. ఇప్పటినుంచే డబ్బు పక్కన పెడుతున్నాం.

ఇంట్లో మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వాడి ఫోను వచ్చినప్పుడు అప్పుల మాట, స్థలం తగాదా మాట ఎవరూ ఎత్తరు. ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న అడగాలి. వాడి ఓడ రేవులో ఉన్న మొన్నటి ఆదివారం నాన్న అడిగారు: మూడు ఫేజుల్లో ఒకటి పోయిన ప్రతిసారీ మన బోరు మోటారు ఎందుకు కాలిపోతోందిరా అని. వాడు కొంచెంసేపు ఆలోచించి, ఓడలో పెద్ద ఎలక్ట్రీషియన్‌ను అడిగి, బొమ్మ గీసి పంపుతానన్నాడు.