సెల్ఫ్ మోటారు విప్పే ముందు

మా ఇంట్లో ఉన్న 1976 నాటి మార్క్ 3 అంబాసిడర్ కిందటి ధనుర్మాసంలో ఒకనాటి తెల్లవారుజామున మొరాయించింది. తాళం తిప్పితే బానెట్ లోపల నుంచి ‘టక్’ అన్న ఒక్క చప్పుడు వినిపించి, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. బ్యాటరీ కొని నాలుగు నెలలు కూడా కాలేదు. ముందురోజు సాయంత్రమే రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్లి, ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి వచ్చాము. చుట్టూ చేరినవారందరూ సెల్ఫ్ (ఇంజనును మొదట తిప్పి అందించే మోటారు) పోయిందని తేల్చేశారు. నేనూ అదే అనుకుని, జాకీ పెట్టి బండి కిందికి దూరడానికి సిద్ధపడ్డాను. డిస్ట్రిబ్యూటరు (స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) కింద ఇరుకులో ఉన్న ఆ మోటారును బయటికి తీయడం రెండు బోల్టుల పనే గానీ, ఆ రెండు బోల్టులకూ పానా అందించడం మాత్రం ఒక పూట పని.

మా నాన్నగారి కాలం నుంచి ఈ బండి వైరింగు చూస్తున్న మేస్త్రీగారికి ఫోను చేస్తే, ఆయన నా మాట పూర్తిగా వినకుండానే, ‘‘బాబూ, ముందు హెడ్‌లైట్లు వేసి గోడ మీద వెలుగు చూస్తూ సెల్ఫ్ కొట్టండి, తర్వాత మాట్లాడదాం’’ అన్నారు. ఈ పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు. లైట్లు బాగా మందగించి ఇంజను తిరగకపోతే, కరెంటు భారీగా ప్రవహిస్తోంది గానీ మోటారు కదలలేకపోతోందని అర్థం. మోటారు కొనన ఉండే చిన్న పళ్లచక్రం, అంటే పినియన్, ఇంజను వెనుక ఉండే పెద్ద చక్రమైన ఫ్లైవీలు పళ్లలో బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా బ్యాటరీలోనే సత్తువ లేకపోవచ్చు. బ్యాటరీ బొత్తిగా దిగిపోతే సోలినాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) ఒక్కసారి కాక టకటకమని వరసగా కొట్టుకుంటుంది. లైట్లు తగ్గకుండా వెలుగుతూనే ఉంటే, కరెంటు మోటారు దాకా సరిగా చేరడం లేదన్నమాట. నేను కొట్టినప్పుడు గోడ మీద వెలుగు కంటికి తెలిసేంతగా తగ్గలేదు.

అప్పుడు మీటరు తీశాను. ఇటువంటి పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండు బ్రేకు లాగి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే లావు వైరు ఊడదీసి దాని కొనను ఇంజనుకు ఆనించి ఉంచితే, ఇంజను అనుకోకుండా అందుకునే ప్రమాదం ఉండదు. బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపింది, అంటే నిండుగా ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 11.9 దగ్గర నిలబడింది. సెల్ఫ్ ఇంజనును తిప్పుతున్నప్పుడు సుమారు 10 వరకు దిగడం మామూలే కాబట్టి, ఇలా 11.9 దగ్గరే నిలవడం సంతోషించవలసిన విషయం కాదు. మోటారు తాగవలసినంత కరెంటు తాగడం లేదనడానికి అది ఇంకొక సాక్ష్యం.

ఇక్కడే నేను ఒక గంట వృథా చేసుకున్నాను. మీటరును ఓముల మీద పెట్టి, బ్యాటరీ నుంచి సోలినాయిడ్‌కు, అక్కడి నుంచి మోటారుకు, చివరికి ఇంజనుకూ బాడీకీ మధ్య ఒక్కొక్కటే కొలిచాను. అన్ని చోట్లా దాదాపు సున్నాయే వచ్చింది. వైర్లన్నీ బాగానే ఉన్నాయని నిర్ధారించుకుని మళ్లీ పానా చేతికి తీసుకున్నాను. నిజానికి చేతిలో పట్టుకునే మామూలు మీటరు వైర్లకే 0.2 లేదా 0.3 ఓముల నిరోధం ఉంటుంది, అది 0.1 ఓమును వేరుగా పట్టుకోలేదు. కానీ సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగే యంత్రం. వంద ఆంపియర్ల దారిలో 0.1 ఓము అడ్డుపడితే పది వోల్టులు అక్కడే హరించుకుపోతాయి, ఇక మోటారుకు మిగిలేదేమిటి? ఇండికేటరు బల్బుకు లెక్కే కాని అడ్డంకి సెల్ఫ్‌కు గోడలా నిలుస్తుంది. అందుచేత ఈ దారిని బరువు మోస్తుండగానే కొలవాలి, ఊరకే ఉన్నప్పుడు కొలిచి ప్రయోజనం లేదు.

పద్ధతి చాలా సులువు. మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ ముంతకు (బ్యాటరీ మీది టెర్మినల్‌కు), రెండవదాన్ని మోటారు మీది టెర్మినల్‌కు ఆనించి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. నాకు 0.2 వచ్చింది, అర వోల్టు లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. తర్వాత ఒక మొనను నెగటివ్ ముంతకు, రెండవదాన్ని మోటారు ఒంటికి ఆనించాను. అక్కడ 0.2 లేదా 0.3 మించకూడదు. మా అబ్బాయి తాళం తిప్పగానే మీటరు ఎనిమిది దాటింది. సోలినాయిడ్, మోటారు, కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే దిమ్మలు) అన్నీ అమాయకులే. కరెంటు లోపలికి బాగానే వెళ్తోంది, తిరిగి వచ్చే దారే మూసుకుపోయింది. నా బండిలో బాడీకి నెగటివ్ కలిపి ఉంది. ఈ కుటుంబానికే చెందిన పాత మోరిస్ బండ్లలో పాజిటివ్ బాడీకి ఉంటుంది కనుక, వాటిని కొలిచేవారు మొనలు మార్చుకుని చూసుకోవాలి.

అదే సమయంలో మా అబ్బాయి ‘‘నాన్నా, చోక్ నాబ్ వేడిగా ఉందేంటి?’’ అన్నాడు. ఆ ఒక్క మాటతో గుట్టంతా విడిపోయింది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఒక జడలాంటి రాగి పట్టీ బిగించేది అందుకే. ఆ పట్టీ పని చేయనప్పుడు కరెంటు తనకు దొరికిన సన్నదారిని వెతుక్కుంటుంది. ఆ సన్నదారి, బాడీ నుంచి ఇంజను దాకా వెళ్లే లోహపు చోక్ వైరు, యాక్సిలరేటరు వైరు. ఇంకో నాలుగుసార్లు కొట్టి ఉంటే చోక్ వైరు తొడుగు పొగలు కక్కేది. జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి నెగటివ్ ముంత నుంచి నేరుగా ఇంజను బోల్టుకు కలిపి కొట్టగానే, ఏమీ జరగనట్టుగా ఇంజను గిరగిరా తిరిగింది.

పట్టీ విప్పి చూస్తే తెగలేదు, తుప్పు కూడా పట్టలేదు. అంతకుముందు ఒక షెడ్డులో బానెట్ లోపల రంగు వేయించినప్పుడు, పట్టీ కూర్చునే చోట కూడా నిగనిగలాడే రంగు పూసి, దాని మీదే పట్టీ బిగించేశారు. ఇన్నాళ్లూ బోల్టు మర మాత్రమే ఆ బరువంతా మోసింది. మంచుకు, చెమ్మకు అదీ చేతులెత్తేసింది. గరుకు కాగితంతో తళతళలాడే ఇనుము కనిపించేదాకా గీకి, కొత్త పట్టీ బిగించి, పైన కాస్త వాజలీన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.1 వచ్చింది. రంగు వేయించుకున్న పాత బండి ఏదైనా ఇలా మొరాయిస్తే, నేనైతే ఇకమీదట మొట్టమొదట ఈ పట్టీ దగ్గరికే వెళ్తాను.

అయితే సెల్ఫ్ ఎప్పుడూ నిర్దోషి అని చెప్పలేను. ఎండాకాలంలో ఇంకో తంతు మొదలైంది: తాళం తిప్పితే మోటారు ‘జుయ్’మని తిరుగుతుంది గానీ ఇంజను కదలదు. ఈసారి తప్పు పూర్తిగా నాది. ఈ మోటారులో పినియన్‌ను ముందుకు తోసే మీట ఏదీ ఉండదు. మోటారు ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు, బరువైన పినియన్ ఆ వేగాన్ని వెంటనే అందుకోలేక, మెలికల మర మీద జారుతూ వెళ్లి ఫ్లైవీలు పళ్లను పట్టుకుంటుంది. ఇంజను అందుకోగానే అదే మర మీద వెనక్కి విసిరేయబడుతుంది. దీన్ని బెండిక్స్ అంటాము. నేను పట్టీ మార్చిన ఉత్సాహంలో మోటారును కూడా విప్పి, ఆ మరకు శుభ్రంగా గ్రీజు పట్టించాను. క్లచ్ ప్లేటు నుంచి రాలే ధూళి అంతా ఆ గ్రీజులో కలిసి ఆవకాయ ముద్దలా తయారై పినియన్‌ను కదలనివ్వలేదు. కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, పొడిగానే బిగిస్తే సరిపోయింది. అక్కడ గ్రీజు పెట్టకూడదని మేస్త్రీగారు నవ్వుతూ చెప్పారు, కాకపోతే పని అయ్యాక చెప్పారు.

మోటారు బల్ల మీద ఉండగానే కార్బన్లు చూశాము. అరిగి ఎనిమిది మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా అయితే మార్చాలి. నావి ఇంకా ఉన్నాయి. కమ్యుటేటరు (కార్బన్లు రాసుకునే రాగి పలకల చుట్టు) నల్లబడి ఉంటే సన్నని గరుకు కాగితంతో మెరుగు పెట్టాము. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డైనమో కమ్యుటేటరులో రాగి పలకల మధ్య ఉన్న మైకాను రంపపు బ్లేడుతో కాస్త లోతుగా గీస్తారు, అది సరైన పద్ధతే. ఆ అలవాటుతో సెల్ఫ్ మోటారుకు కూడా గీసేవారిని చూశాను. ఈ రకం సెల్ఫ్‌లో మైకాను అలా గీయకూడదు. వెనుక బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) వదులైంది కాబట్టి కొత్తది తెచ్చి, బిగించే ముందు ఒక రోజంతా ఇంజను ఆయిలులో నానబెట్టాము; అది చిన్న చిన్న రంధ్రాలున్న కంచు, నూనెను పీల్చుకుని తర్వాత కొద్దికొద్దిగా వదులుతుంది. బుష్ అరిగి ఆర్మేచరు (మోటారులో తిరిగే భాగం) పక్కకు ఒరిగితే చుట్టూ ఉన్న ఇనుప దిమ్మలకు రాసుకుంటుంది, అప్పుడు సెల్ఫ్ బరువుగా, మూలుగుతున్నట్టు తిరుగుతుంది.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే. పది సార్లలో ఒకసారి పినియన్ పళ్లను పట్టక ‘గర్‌ర్’మని రాసుకుంటోంది. హ్యాండిల్ పెట్టి ఇంజనును పావు చుట్టు తిప్పి కొడితే వెంటనే అందుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగిపోయేటప్పుడు దాదాపుగా ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఏదో ఒకదాని దగ్గరే ఆగుతుంది, కాబట్టి ఫ్లైవీలు రింగు పళ్లు కూడా ఆ రెండు చోట్లే అరుగుతాయి. రింగును కాల్చి ఊడదీసి, పావు చుట్టు జరిపి మళ్లీ దిగ్గొడితే అరగని పళ్లు ఆ స్థానంలోకి వస్తాయని మేస్త్రీగారు అంటున్నారు. దానికి గేరుబాక్సు దించాలి. క్లచ్ ప్లేటు ఎలాగూ ఇంకో ఏడాదికి మించి రాదు కనుక, రెండు పనులూ అప్పుడే ఒకేసారి చేయిద్దామని అనుకున్నాము. అంతవరకు హ్యాండిల్ డిక్కీలో స్పేర్ టైరు పక్కనే ఉంటుంది.