ఎడమ కాలి చెప్పు

మే నెలాఖర్లో అలిపిరి మెట్లెక్కాను. మొక్కు నాది కాదు, మా ఆవిడది. పాప బీఫార్మసీ ఆఖరి పరీక్షలు గట్టెక్కితే ఇద్దరం నడిచొస్తామని, నన్నడక్కుండానే నా కాళ్ళు కూడా కలిపి మొక్కేసింది. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. గాలిగోపురం దాకా బాగానే ఎక్కాను. మోకాళ్ళ మెట్టు దగ్గర కుడి మోకాలు కలుక్కుమంది. వెనక్కి దిగేది లేదు కాబట్టి ఎలాగో పైకి చేరాను.

మర్నాటికి మోకాలు వాచింది. తిరుపతి బస్టాండు దగ్గర నాకో జిరాక్స్ షాపు ఉంది. అడ్మిషన్ల సీజన్, పొద్దస్తమానం నిలబడే పని. దగ్గర్లోని మెడికల్ షాపులో అడిగితే ఐబుప్రోఫెన్ 400 ఇచ్చి, "అన్నం తిన్నాక మూడు పూటలా వేసుకోన్నా" అన్నారు. మూడో రోజుకి నొప్పి తగ్గింది. మానేస్తే మళ్ళీ వస్తుందేమోనని భయపడి పన్నెండు రోజులు మింగాను. వాళ్ళు ఇన్ని రోజులు వాడమనలేదు, ఆ తెలివి నాదే.

ఆరేళ్ళుగా బీపీ మాత్ర వాడుతున్నాను. టెల్మిసార్టన్, దాంట్లోనే ఒంట్లో నీళ్ళు లాగే మందు కలిపి ఉంటుంది. ఇవి కాక ఆ ఎండాకాలం బెల్టు కింద తామర వచ్చింది. చర్మం డాక్టరు ఆయింట్‌మెంటుతో పాటు ఫ్లూకోనజోల్ 150 వారానికొకటి రాశారు. ఆదివారం ఆదివారం వేసుకునేవాణ్ణి. వేరే మందులేమైనా వాడతారా అని ఆయన అడిగారు కూడా. "బీపీకొకటి సార్, అంతే" అన్నాను. అప్పటికి అది నిజమే. తర్వాత మోకాలికి మాత్ర కొనేటప్పుడు తామర మాత్ర సంగతి నోటికే రాలేదు. వారానికొకటేగా, అదీ చర్మానికి, దాన్నొక లెక్కలోకే తీసుకోలేదు.

ఎనిమిదో రోజుకి నోరంతా చేదు. అన్నం వాసన పడలేదు. ఎండ దెబ్బ అనుకున్నాను. పదో రోజు పొద్దున షాపు తీస్తే మధ్యాహ్నం దాకా ఒంటేలుకి పోవాల్సిన పనే పడలేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, షాపు వదిలి పోయే పని తప్పిందని సంతోషపడ్డాను.

పన్నెండో రోజు చెప్పు పట్టీ పెట్టుకోబోతే ఎప్పటి చిల్లు దగ్గరికి రాలేదు. ఆఖరి చిల్లుకి పెట్టినా బిగుతే. మా ఆవిడ బొటనవేలితో కాలిమీద నొక్కింది. తడిపిన చపాతీ పిండిలో దిగినట్టు వేలు దిగింది. తీసినా గుంట అట్నే ఉంది.

ఆస్పత్రిలో బీపీ 170. కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 3.1, జనవరిలో చేయించినప్పుడు 0.9. పొటాషియం కూడా ఎక్కువే, 5.8. డయాలసిస్ అవసరం రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఆ 'రావచ్చు' అన్న మాటతో ఆ రాత్రంతా నాకు నిద్రలేదు. కిడ్నీ డాక్టరు మా ఆవిణ్ణి పిలిచి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసి తెమ్మన్నారు. మూడు అట్టలూ మంచం మీద పక్కపక్కన పరిచారు.

"దేనికది చూస్తే దేన్నీ తప్పుపట్టలేనండీ. కిడ్నీకి రక్తం వచ్చే పైపుని తెరిచి ఉంచే పదార్థాన్ని ఒళ్ళే తయారుచేసుకుంటుంది, నొప్పి మాత్ర దాన్ని ఆపేస్తుంది. బీపీ మాత్ర పోయే పైపుని వదులు చేస్తుంది. అదే మాత్రలో కలిసున్న ఇంకో మందు ట్యాంకులో నీళ్ళే తగ్గిస్తుంది. పైగా ఈ ఎండలు. ఇక కిడ్నీకి వత్తిడి ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నారు. ఈ మూడు మందుల కలయికని ట్రిపుల్ వామీ, అంటే మూడు దెబ్బలు ఒకేసారి, అంటారట. తర్వాత ఫ్లూకోనజోల్ అట్ట తీసి, "ఇది నాలుగోది" అని పక్కన పెట్టారు.

ఆ నాలుగోదాని సంగతి నాకర్థమయ్యేలా చెప్పింది మా పాపే. మంచం కింద నుంచి నా చెప్పులు రెండూ బయటికి లాగింది.

"నాయనా, ఐబుప్రోఫెన్ ఇట్ల జతగా వస్తుంది. రెండిట్లో ఉండేది ఒకటే సరుకు, కానీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. కుడిదాన్ని ఎస్ అనుకో, నొప్పి తగ్గించేది అదే. ఎడమది ఆర్, అది అంతగా పని చెయ్యదు. కానీ మన ఒళ్ళు ఎడమదాంట్లో సగానికి పైగా కుడిదిగా మార్చేస్తుంది. కుడిది మాత్రం మళ్ళీ ఎడమది కాదు."

"మంచిదే కదా, మొత్తం పనికొస్తుంది."

"పనికొస్తుంది. పనయ్యాక పోవాల కదా! కుడిదాన్ని ఎక్కువగా కరిగించి పంపేది లివర్లోని సీవైపీ2సీ9 అనే ఎంజైము. నీ తామర మాత్ర సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. ఎడమదాన్ని చూసుకునే ఎంజైము వేరే."

ఫిన్లాండ్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ రెండు మందులూ ఇచ్చి చూశారట. ఒంట్లో ఎస్ రకం మోతాదు దాదాపు రెట్టింపయింది, ఆర్ రకంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వాళ్ళకిచ్చింది వరసగా, నాకు వారానికొకటి, కాబట్టి నాకంత జరిగి ఉండకపోవచ్చు. కానీ ఫ్లూకోనజోల్ సగం తగ్గడానికే ముప్పై గంటలు పడుతుంది. ఆదివారం మింగింది మంగళవారానికి కూడా ఉంటుంది. పైగా అది చాలావరకు ఒంటేలులోనే పోతుంది. కిడ్నీ మందగిస్తే అది ఒంట్లోనే నిలిచిపోతుంది, నిలిచిన కొద్దీ నొప్పి మాత్ర కరగదు, నొప్పి మాత్ర నిలిస్తే కిడ్నీ ఇంకా మందగిస్తుంది. గానుగెద్దు లాగా అక్కడక్కడే తిరిగిందన్నమాట. ఇందులో దేని వాటా ఎంత సార్ అని డాక్టర్ని అడిగాను. చెప్పలేనని నవ్వారు. ఆ మాటతో ఆయన మీద నమ్మకం పెరిగింది.

మూడు అట్టలూ ఆపేసి బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ టెంకాయ నీళ్ళు తెచ్చారు. పొటాషియం ఎక్కువున్నవాడికి అది పనికిరాదని నర్సు చెప్పీ చెప్పీ విసిగిపోయింది. అరటిపండ్లు, బత్తాయి రసం కూడా వద్దన్నారు. పక్క మంచం వాళ్ళు బాగుపడ్డారు. ఒంటేలు ప్లాస్టిక్ జాడీలో పట్టి కొలవాలి. మా ఆవిడ వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ కాగితం చింపి, దాని వెనక రాసిపెట్టేది. మొదటి రోజు 350 మిల్లీలీటర్లు. రెండో రోజు 600. మూడో రోజు 1400 అని రాసి కింద రెండు గీతలు గీసింది. పరీక్ష పాసైన మార్కులకి కూడా ఆమె అట్లా గీత గీయలేదు.

ఆరో రోజు క్రియాటినిన్ 1.8తో ఇంటికి పంపారు. చెప్పు పట్టీ పాత చిల్లులోకి వచ్చింది. ఆరు వారాల తర్వాత 1.1. "0.9 రాదా సార్?" అన్నాను. "మూడు నెలలాగి చూద్దాం" అన్నారు. మోకాలికి ఐసు, తొడ కండరాలకి వ్యాయామం, మరీ నొప్పిగా ఉంటే పారాసిటమాల్. షాపులో ఇప్పుడొక స్టూలు వేసుకున్నాను. పాప నా మందుల పేర్లు ఒక కాగితం మీద రాసిస్తే లామినేషన్ చేసి జేబులో పెట్టుకున్నాను. షాపు నాదే కదా, ఖర్చు లేదు.

తామర మాత్రం పూర్తిగా పోలేదు. రోజుకి రెండుసార్లు ఆయింట్‌మెంటు రాస్తున్నాను, బెల్టు మానేశాను.