ఎల్క్ వేటకు గుండు ఎంపిక: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా

ఏప్రిల్

కొలరాడోలో ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) వేట అనుమతికి, అంటే ట్యాగ్ కోసం, లాటరీ డ్రాలో పేరు ఇచ్చేశాను. రైఫిల్ పాతదే, .308 వించెస్టర్ రకం తూటా, 20 అంగుళాల బ్యారెల్. ఈసారి మార్చాల్సింది గుండు. మాటల్లో మనం మొత్తం తూటానే బుల్లెట్ అనేస్తాం. ఇక్కడ గుండు అంటే తూటా ముక్కున ఉండి, బ్యారెల్ దాటి బయటికి వెళ్లే లోహపు ముక్క మాత్రమే. ఇత్తడి కేసు, అందులోని తుపాకిమందు, వెనక ఆ మందును అంటించే ప్రైమర్ వేరు.

మార్చడానికి కారణం పోయినేడాది మ్యూల్ డీర్. 60 గజాల దూరంలో, సీసం మీద పల్చటి రాగి తొడుగున్న 150 గ్రెయిన్ల (గుండు బరువుకు వాడే కొలత) మామూలు సాఫ్ట్ పాయింట్‌తో కొట్టాను. గుండు భుజం ఎముకకు తగిలి తునాతునకలైంది. జింక అక్కడే పడిపోయింది కానీ ఒక ముందు జబ్బ మొత్తం రక్తం గడ్డకట్టి నల్లబడి పారేయాల్సి వచ్చింది. రెండు వారాల తర్వాత ఫ్రీజర్‌లోంచి తీసి కూరకి ముక్కలు కోస్తూ మా ఆవిడ పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి. ఇది ఎముక కాదు." కత్తి మొన మీద ఆవగింజంత బూడిదరంగు ముక్క. గోటితో నొక్కితే చదునైపోయింది. సీసం. మా పాపకి నాలుగేళ్లు. ఆ ప్యాకెట్లన్నీ ఆ రోజే పారేశాం.

తర్వాత చదివితే తెలిసింది, 2008లోనే నార్త్ డకోటా ఆరోగ్య శాఖ సీసం గుండుతో కొట్టిన జింక మాంసం గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు తినొద్దని చెప్పింది. గాయం చుట్టూ బాగా కోసి పారేస్తే చాలనుకునేవాణ్ని. కంటికి కనిపించనంత చిన్న తునకలు చాలా దూరం పోతాయి.

జూన్

ట్యాగ్ వచ్చింది. రూల్ బుక్ మళ్లీ చదివాను. రైఫిల్‌తో ఎల్క్ కొట్టాలంటే కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో గుండు వ్యాసం), 85 గ్రెయిన్లకు తగ్గని గుండు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. తగిలాక విచ్చుకునే గుండే వాడాలి. .308కి ఇదేమీ కష్టం కాదు. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో పక్క బెంచీ పెద్దాయన మ్యాచ్ గుండ్లు, అంటే గురి పోటీలకు చేసేవి, వాడమన్నారు, అవి కాగితం మీద అద్భుతంగా పడతాయి. కానీ వాటిని కట్టింది కాగితం కోసమే. ఎముక తగిలితే ఏం చేస్తాయో చెప్పలేం. వద్దనుకున్నాను.

బరువు లెక్కలో మనవాళ్లకు అలవాటైన కొలత ఒకటుంది. 180 గ్రెయిన్లంటే సరిగ్గా పాత తులం, 11.66 గ్రాములు. బ్రిటిష్ కాలంలో తులాన్ని ఖాయం చేసిందే 180 గ్రెయిన్లకు. ఎల్క్ అంటే ఇక్కడ చాలామంది ఆ తులం గుండే వాడమంటారు, నేనూ మొదట దాని వైపే మొగ్గాను. సీసం గుండైతే అది మంచి సలహానే. తునకలు పోయినా లోపలికి దిగడానికి బరువు మిగలాలి కదా. పూర్తి రాగి గుండు దాదాపు బరువే కోల్పోదు, కాబట్టి అంత బరువుతో మొదలుపెట్టక్కర్లేదు. పైగా రాగి సీసం కంటే తేలిక. అదే 180 గ్రెయిన్లు రాగిలో చేస్తే గుండు పొడుగవుతుంది, కేసులో మందు చోటు తినేస్తుంది, నా పొట్టి బ్యారెల్‌లో వేగం ఇంకా తగ్గుతుంది. రాగి విచ్చుకోవాలంటే వేగం కావాలి. సెకనుకు 1,800 అడుగులకు దిగితే నమ్మకం లేదని నా లెక్క.

జులై

స్నేహితుడి పొలంలో మట్టిగట్టు ముందు గాలన్ పాలడబ్బాల్లో నీళ్లు నింపి వరసగా పెట్టాం. నీళ్లు మాంసం కాదు, కానీ ఒక గుండుకీ ఇంకో గుండుకీ తేడా చూపిస్తాయి. మూడు రకాలు కొట్టాను: పాత 150 సాఫ్ట్ పాయింట్, 165 నోస్లర్ పార్టిషన్, పూర్తి రాగితో చేసిన 165 బార్న్స్ టీటీఎస్ఎక్స్.

సాఫ్ట్ పాయింట్ నాలుగో డబ్బాలో ఆగింది. తూచితే 88 గ్రెయిన్లు. మిగతాది ఎక్కడికి పోయిందో నాకు ఇప్పుడు బాగా తెలుసు. పార్టిషన్ ఐదో డబ్బాలో దొరికింది, 112 గ్రెయిన్లు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింక) కొడితే గుండ్లు లోపలికి దిగక, జాన్ నోస్లర్ ఆలోచించి చేసిన గుండు ఇది. మధ్యలో అడ్డుగోడ. ముందు సీసం చెదిరినా వెనక సగం గట్టిగా ముందుకు పోతుంది. గొప్ప గుండు, పిల్లలు లేని ఇల్లయితే దీన్నే ఎంచుకునేవాణ్ని.

రాగి గుండు ఆరో డబ్బా అడుగున ఉంది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా అనిపించింది. ముక్కున నీలం ప్లాస్టిక్ మొన లేదు, దాని చోట నాలుగు రేకులు నూరువరహాల పువ్వులా వెనక్కి విచ్చుకుని ఉన్నాయి. ఒక్క రేకూ విరగలేదు. తూకం 164. చాలాసేపు అలా తిప్పి చూస్తూ ఉండిపోయాను.

ఆగస్టు

ఆ ఆనందం రేంజ్‌లో తగ్గింది. 100 గజాల్లో మూడు తూటాలు రెండు అంగుళాల పైన చెదిరాయి. రెండు రోజులు బెంగపడ్డాను. చివరికి తప్పు బ్యారెల్ లోపల దొరికింది, పాత గుండ్ల తొడుగు పూత పేరుకుపోయి ఉంది. రాగి వదిలించే సాల్వెంట్ పోసి, గుడ్డపీలిక మీద నీలిరంగు కనబడనిదాకా తుడిచాను, దాదాపు రెండు గంటలు పట్టింది. తర్వాత ఆరు తూటాలు ఊరికే కాల్చి, ఏడోదాని నుంచి లెక్కపెట్టాను. చెదురు 1.2 అంగుళాలకు తగ్గింది. గుండు మార్చేవాళ్లు ముందు ఈ పని చేయండి, డబ్బా 55 డాలర్లు పెట్టి కొన్న తూటాలు నాలా వృథా కావు.

క్రోనోగ్రాఫ్‌లో (గుండు వేగం కొలిచే పరికరం) సగటు వేగం సెకనుకు 2,620 అడుగులు, డబ్బా మీద రాసినదానికన్నా తక్కువ. పొట్టి బ్యారెల్ కదా, అది మామూలే. 100 గజాల్లో గుండు రెండు అంగుళాలు పైన పడేలా స్కోపు సరిచేశాను, 200లో సరిగ్గా మధ్యన పడుతోంది. 300 గజాల్లోనూ విచ్చుకునే వేగం ఉంటుంది కానీ మోకాలి మీద కూర్చుని కొట్టినప్పుడు నా చెయ్యి అంత నిలకడగా లేదు. 250 దాటితే ట్రిగ్గర్ ముట్టనని నిర్ణయించుకున్నాను.

అక్టోబరు చివర

కొలరాడోలోని మీకర్ ఊరికి తూర్పున, వైట్ రివర్ అడవిలో, తొమ్మిది వేల అడుగుల ఎత్తు. మూడో రోజు పొద్దున్న గుంపులోంచి ఒక ఆడ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడింది, 170 గజాలు. టెన్షన్‌కి ఊపిరి ఆడలేదు, అది నిమ్మళించేదాకా ఆగాను. భుజం వెనక, ఛాతీలో మూడో వంతు ఎత్తున పెట్టి కొట్టాను. నలభై అడుగులు నడిచి కూలిపోయింది. దగ్గరికెళ్లి మెడ మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాను.

గుండు దొరకలేదు, అవతలికి దూసుకుపోయింది. రెండు ఊపిరితిత్తులూ పోయాయి, బయటికొచ్చిన రంధ్రం రూపాయి బిళ్లంత. పక్కటెముకల దగ్గర అరచేయంత మేర తప్ప రక్తం గడ్డకట్టిన చోటు లేదు, జబ్బలు రెండూ శుభ్రంగా వచ్చాయి. ఎముకలు తీశాక 62 కిలోలు. ఇంటికొచ్చాక గాయం పక్క మాంసం కూడా కత్తితో పొరలు పొరలుగా విప్పి, లైటు కింద పెట్టి వెతికాం, ఇద్దరం. ఏమీ కనబడలేదు. ఆ ఆదివారం పాపకి మొదటి ముక్క మా ఆవిడే పెట్టింది.

అదే బ్యాచ్ నంబరువి మరో రెండు డబ్బాలు కొని పెట్టాను. బ్యాచ్ మారితే వచ్చే ఏడాది గురి మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.