మట్టి మళ్లీ తొట్టిలోకి

నిన్న సాయంత్రం నా బి.ఎఫ్.ఏ. (లలితకళల డిగ్రీ) చివరి సంవత్సరపు శిల్పం పూర్తయింది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఇంటి అరుగు మీద కూర్చుని చేటతో బియ్యం చెరుగుతున్న మా నాయనమ్మ రూపం అది. ఎత్తు సుమారు మూడడుగులు. తల, భుజాలు రెండు వారాల్లోనే కుదిరాయి కానీ మణికట్లు నన్ను చాలా కష్టపెట్టాయి. చెరిగే కదలికనంతా నడిపించేది మణికట్టే కాబట్టి, అక్కడ మట్టి వేలిముద్రంత ఎక్కువైనా నాయనమ్మ చేట పట్టుకుని ఊరికే కూర్చున్నట్టు కనిపించేది.

మూడో వారంలో ఒక రాత్రి, లోపలి చట్రానికి నేను వాడిన ఇనుప తీగ సన్నదైనందువల్ల, చేట బరువుకు ఎడమ చెయ్యి కిందికి జారిపోయింది. ఉదయం తడిగుడ్డలు తీసి చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మోచేతి దాకా మట్టి తీసేసి, లావుపాటి ఊచ వేసి, మట్టికి పట్టు దొరకడానికి చిన్న చెక్కముక్కలను తీగతో కట్టి మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి చేసిన చెయ్యే నాకు ఎక్కువ నచ్చింది.

మట్టి ఎండితే పగులుతుంది, లోపల ఇనుము ఉన్నందున బట్టీలో కాల్చడానికీ వీల్లేదు. అందుకే దాని మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు తీస్తాం. జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల వద్ద కాచి, నీటిని చాలావరకు పోగొట్టి చేసిన ఆ పొడి, మళ్లీ నీరు తగలగానే గట్టిపడుతూ వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గేదాకా అరచేతిని అచ్చు మీదే ఉంచాను. తరువాత అచ్చు విడదీసి మట్టిని తోడేశాను. ఏడు వారాలు దిద్దిన ముఖం ముద్దలు ముద్దలుగా బయటికి వచ్చింది. అచ్చు లోపల మాత్రం అదే ముఖం పల్లంగా నన్ను చూస్తోంది.

అచ్చుకు సబ్బునీళ్లు పూసి, సిమెంటు నింపి, ఆరాక ఉలితో అచ్చును పగలగొట్టాను. అచ్చు మొదటి పూతలో నీలిమందు కలిపి ఉంటాం కాబట్టి, నీలం కనిపించగానే శిల్పం దగ్గరపడిందని తెలిసి చెయ్యి దానంతటదే నెమ్మదించింది. చేట అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది. దాన్ని పూడ్చకుండా వదిలేశాను, పాత చేటలకు అంచులు అలాగే ఉంటాయి.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి బౌద్ధస్తూపపు రాతి పలకల్లో ఒకదానికి రెండు వైపులా చెక్కడాలున్నాయి. క్రీస్తుపూర్వపు శిల్పులు ఒక వైపు బోధివృక్షాన్నీ, దాని కింద ఖాళీ ఆసనాన్నీ చెక్కితే, కొన్ని వందల ఏళ్ల తరువాత మరొకరు ఆ రాతినే తిప్పి రెండో వైపు స్తూపాన్ని చెక్కారు. దాని ఫోటోలను ఎన్నోసార్లు చూసినా, పాత పని మీద కొత్త పని చేసిన ఆ చేతుల ధైర్యం నాకు నిన్ననే అర్థమైంది. తోడిన మట్టిని శిల్పశాల మూలనున్న తొట్టిలో నానబెట్టి వచ్చాను. ఈ ఉదయం జూనియర్ ఒకరు అందులోంచి రెండు బకెట్లు తీసుకుని, ఒక గేదె తలకు చట్రం కడుతున్నారు.