పంచాయతీ ఆఫీసు నుంచి గడప దాకా

మా ఊరు ఉదయగిరి మెట్టలో, కొండల పక్కన ఉంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టుకోవలసిన రాత్రి ఇంట్లో సిగ్నల్ అందక, మిద్దె మీద ఒక మూల నిలబడి కాలేజీల కోడ్లను ఒక్కొక్కటిగా ఫోన్‌లోనే ఎక్కించింది. మంచినీళ్లకూ వీధిదీపాలకూ ఖర్చు పెట్టే పంచాయతీ ఇంటర్నెట్ తీగకు ఎందుకు పెట్టకూడదన్న ప్రశ్న ఆ రాత్రి నుంచి నన్ను వదల్లేదు. పెట్టి తీరాలన్నదే నా అభిప్రాయం.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొద్ది దూరం తీగ లాగితే వందల ఇళ్లు, దుకాణాలు దొరుకుతాయి. మా వైపు అంతే తీగకు నాలుగు గడపలు కూడా రావు కనుక లాభం చూసుకునే కంపెనీ ఇటు రాదు, రావాలని అడగడమూ న్యాయం కాదు. కేంద్రం 2011లో ఆమోదించి, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చిన పథకం లక్ష్యం పంచాయతీ దాకా ఫైబర్, అంటే ఇంటర్నెట్ మోసే గాజు తీగ, తేవడమే. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి ఖర్చు తగ్గించి, నెలకు 149 రూపాయలకే కనెక్షన్ ప్రకటించింది. అయితే స్తంభానికి వేలాడే తీగ గాలివానకు తెగుతుంది, తెగినదాన్ని అతికే మనిషి ఊళ్లో ఉండడు.

ఆఫీసు నుంచి గడప దాకా తీగ, దాన్ని చూసుకునే మనిషి: ఈ రెండే పంచాయతీ పని. తీగ ఊరిదిగా ఉండి, ఏ కంపెనీ అయినా అద్దె కట్టి దాని మీద సేవ అమ్ముకోవచ్చు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో పంచాయతీలకు ఇచ్చే గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కేటాయించారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు గాని జీతాలకు వాడరాదన్నారు. కాబట్టి మరమ్మతు మనిషి జీతం ఆ అద్దెలోంచే రావాలి. నాకు అన్నిటికన్నా కష్టమనిపించే లెక్క ఇదే.

ముందు మురుగు కాలువలు బాగుచేయించమని పెద్దలు అంటారు. ఆ మాట కాదనను. కాని పంట నమోదు, పింఛను, రేషను అన్నీ ఆన్‌లైన్‌కు ఎక్కించిన తరువాత అక్కడికి దారి వేయకపోవడం పేదవాడికే ఎక్కువ నష్టం. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టమని సర్పంచి గారిని అడగబోతున్నాను: ముందు బడికి, తరువాత ఊరి చివరి కాలనీకి, మా వీధికి ఆ తరువాతే.