ఈమధ్య చూసిన సినిమాలు, వాటిలో మాట్లాడని మనుషులు

రెండు నెలల్లో ఏడు సినిమాలు చూశాను. ఒక్కటి హాల్లో, మిగతావన్నీ ఇంట్లో అమ్మతో కలిసి. కొన్ని కొత్తవి, కొన్ని వచ్చినప్పుడు కుదరక ఇప్పటికి చూసినవి. కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి చెప్పేంత తెలియదు నాకు. సినిమా అయిపోయాక ఎవరు గుర్తుండిపోయారు, ఎక్కడ ఒళ్ళు మండింది, ఎక్కడ ఏడుపొచ్చింది, అంతవరకే చెప్పగలను. ఒకటి మాత్రం ముందే చెప్తాను. కథ చెప్పకుండా వీటి గురించి మాట్లాడటం నాకు చేతకావట్లేదు, కాబట్టి చూడనివాళ్ళు చూసి వచ్చి చదవండి.

మొదట చూసింది 'కోర్ట్'. 2025 మార్చిలో వచ్చింది, రామ్ జగదీష్ దర్శకుడు, నాని సమర్పించిన సినిమా. అప్పుడు అందరూ బాగుందంటుంటే విన్నాను గానీ పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టే కేసు గురించి అనేసరికి చూడబుద్ధి కాలేదు, చాలా బరువుగా ఉంటుందనుకున్నాను. 2013లో విశాఖపట్నంలో జరిగే కథ. పోక్సో చట్టం వచ్చింది 2012లో, అంటే అప్పటికి చట్టం కొత్తది, అది ఏమిటో ఆ పిల్లలకీ తెలీదు, వాళ్ళ ఇళ్ళల్లోనూ తెలీదు. ప్రేమించుకున్న ఇద్దరిలో చందుకి పంతొమ్మిది, జాబిల్లికి పదిహేడు. పద్దెనిమిది నిండని అమ్మాయి నాకూ ఇష్టమే అన్నా ఆ ఇష్టానికి చట్టంలో విలువ ఉండదు. పిల్లలని కాపాడటానికి పెట్టిన నియమం అది, ఉండాల్సిందే. కానీ అదే నియమం పరువు కోసం పంతం పట్టిన మనిషి చేతికి దొరికితే ఎలా ఉంటుందన్నదే సినిమా అంతా.

ఆ మనిషి జాబిల్లి బంధువు మంగపతి. శివాజీ గారు వేశారు. నేను చాలా ఏళ్ళ తర్వాత ఒక తెలుగు సినిమాలో విలన్‌ని చూసి నిజంగా భయపడ్డాను. కత్తి లేదు, వెనక మనుషులు లేరు, జీపుల్లో తిరగడు. ఇంట్లో కూర్చుంటాడు, అంతే. ఆడపిల్లలు ఏం వేసుకోవాలి, ఎవరితో మాట్లాడాలి, ఎంత గట్టిగా నవ్వాలి అన్నీ ఆయనే చెప్తాడు. ఆయన ఇంట్లోకి అడుగుపెట్టగానే మిగతావాళ్ళ మొహాలు మారిపోతాయి చూడండి, నన్ను భయపెట్టింది అదే. మన చుట్టూ కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు, వాళ్ళ గురించి 'ఆయన కాస్త కోపిష్టి గానీ మనసు మంచిది' అని చెప్పుకుంటాం. ఈ సినిమా ఆ మాట అనలేదు. అతనిది కోపమే, దానికింద దాచిన మంచితనం ఏదీ లేదు అని సూటిగా చూపించింది. అది నాకు చాలా నచ్చింది.

ప్రియదర్శి లాయర్‌గా బాగా చేశాడు. ఎప్పుడూ సొంత కేసు దొరకని జూనియర్ లాయర్ సూర్యతేజ, తీర్పు దగ్గర పడ్డాక ఈ కేసులోకి వస్తాడు. నాకు కుదరనిది ఒకటుంది, రెండో సగంలో సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మరీ సులువుగా దొరికిపోతారు. ఆఖరి వాదన కూడా కాస్త పొడుగైంది. కానీ ఇలాంటి చట్టాల గురించి పిల్లలకి చెప్పాలి కదా అన్న పాయింట్ దగ్గర నాకు మాట రాలేదు. నిజంగానే నాకెవరూ చెప్పలేదు. నా స్కూల్లో త్రికోణమితి చెప్పారు, మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో చెప్పారు, ఇది మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

ఆ సినిమాలో జాబిల్లి తల్లి సీతారత్నంగా రోహిణి గారు ఉన్నారు. భర్త లేడు, బంధువుల పెత్తనం కింద బతుకుతున్న మనిషి. కూతురి మీద ఏం జరుగుతోందో కళ్ళారా చూస్తూ చాలాసేపు గొంతు విప్పదు. అమ్మ నా పక్కన కూర్చుని రెండు మూడుసార్లు 'ఈవిడ ఒక్క మాట అంటే అయిపోద్ది కదా, అనదే' అంది. విసుగ్గానే అంది. నాకూ అదే విసుగు వచ్చింది ఆ రోజు.

తర్వాత వారం 'ది గర్ల్‌ఫ్రెండ్'కి వెళ్ళాం. హాల్లో చూసింది ఇదొక్కటే. రాహుల్ రవీంద్రన్ తీశారు, రష్మిక భూమా దేవి, దీక్షిత్ శెట్టి విక్రమ్. ఇంగ్లీష్ సాహిత్యంలో ఎమ్మే చదవడానికి వచ్చిన నెమ్మదైన అమ్మాయి, కాలేజీలో అందరూ హీరోలా చూసే అబ్బాయి. మామూలుగా మన సినిమాల్లో ఈ అబ్బాయే హీరో, వాడు అమ్మాయి వెంట పడతాడు, ఆమె పేరు మీద నలుగురిని కొడతాడు, మనం చప్పట్లు కొడతాం. ఇక్కడ అదే అబ్బాయిని అలాగే ఉంచి, కథని మాత్రం అమ్మాయి వైపు నుంచి చెప్పారు. అంత చిన్న మార్పుకే ఊపిరాడనట్టయింది నాకు. భూమ 'సరే' అని ఎక్కడా గట్టిగా అనలేదు, వద్దని కూడా అనలేదు, ఏదో ఒకరోజు చూసేసరికి ఆమె వాడి గర్ల్‌ఫ్రెండ్ అయిపోయి ఉంది. అలా జరుగుతుంది. ఆమెకి బుర్ర లేక కాదు, ఆలోచించుకునే టైం ఎవరూ ఇవ్వరు కాబట్టి.

ఇందులోనూ రోహిణి గారే! విక్రమ్ తల్లి. నేను పేర్లు చదవకుండా వెళ్ళాను కాబట్టి తెరమీద ఆవిడ కనిపించగానే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈసారి ఆవిడకి మాటే లేదు. ఆ ఇంట్లో ఆవిడ నడిచే తీరు, తలెత్తకుండా చూసే చూపు, ఎవరైనా గొంతు కాస్త పెంచితే భుజాలు ముడుచుకునే పద్ధతి, అంతే. అయిదారు నిమిషాల్లో ఒక జీవితమంతా చెప్పేశారావిడ. ఇన్నాళ్ళూ భూమకి ఏదో తేడాగా ఉందని అనిపిస్తోంది గానీ అదేంటో తెలియదు. ఆవిడని చూశాక తెలుస్తుంది, పెళ్ళయితే పాతికేళ్ళ తర్వాత తను ఎక్కడ నిలబడి ఉంటుందో. 'మా అమ్మలాంటి అమ్మాయి కావాలి' అనే మాట మన అబ్బాయిలు ఎంత ప్రేమగా అంటారో కదా, ఈ సీన్ చూశాక ఆ మాట నాకు వేరేలా వినిపిస్తోంది.

మా వెనక వరసలో కుర్రాళ్ళు విక్రమ్ డైలాగులకి మొదట్లో ఈలలు వేశారు. ఈ సీన్ దగ్గర ఏ చప్పుడూ లేదు. అక్కడనుంచి చివరిదాకా వాళ్ళు మళ్ళీ ఈల వెయ్యలేదు. వాళ్ళు ఏమనుకున్నారో నాకెలా తెలుస్తుంది గానీ, ఆ నిశ్శబ్దం మాత్రం నాకు సినిమా అంత గుర్తుంది.

లోపాలు లేవని కాదు. రెండో సగంలో విక్రమ్ మరీ ఒకే రంగులోకి వెళ్ళిపోతాడు, మొదట్లో వాడిలో ఉన్న ఆకర్షణ ఇంకొంచెం మిగిలుంటే భూమ ఇబ్బంది మనకి ఇంకా బాగా తెలిసేది. రాహుల్ రవీంద్రనే వేసిన ప్రొఫెసర్ పాత్ర మరీ మంచిగా ఉంది, ఏ పొరపాటూ చెయ్యడు. కానీ అను ఇమ్మాన్యుయేల్ వేసిన దుర్గ పాత్ర చాలా బాగా రాశారు. ఒకే అబ్బాయి చుట్టూ ఉన్న ఇద్దరు ఆడపిల్లలంటే జుట్లు పట్టుకోవడమే చూశాం ఇన్నాళ్ళూ. ఇందులో దుర్గ వచ్చి భూమ పక్కన నిలబడుతుంది. రావు రమేష్ గారు తండ్రిగా వచ్చిన సీన్ గురించి రాయాలని ఉంది గానీ రాయలేను, అక్కడ నాకు చాలా కష్టంగా అనిపించింది. కూతురంటే ప్రాణం పెట్టే తండ్రి ఆ ప్రాణాన్ని తన గుప్పిట్లోనే పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ ఒక్క సీన్‌లో ఉంది.

ఇంటికొచ్చే దారంతా అమ్మ ఏం మాట్లాడలేదు. 'ఒక్క మాట అనొచ్చు కదా' అని ఈసారి అనలేదు.

ఆ రెండూ చూశాక మిగతా సినిమాలు కూడా నాకు అలాగే కనపడటం మొదలైంది. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు నోరుమూసుకుని పక్కన నిలబడ్డారు అని చూడటం అలవాటైపోయింది. 'కుబేర' చూస్తే అందులో మంచి విషయం చాలా ఉంది, ధనుష్ బిచ్చగాడు దేవాగా కళ్ళతోనే నటించాడు, నాగార్జున గారు తప్పు చేస్తూ నలిగిపోయే అధికారిగా చాలా కాలం తర్వాత నాకు నచ్చారు. కానీ మూడు గంటలు. శేఖర్ కమ్ముల సినిమాల్లో ఆడవాళ్ళకి గట్టి గొంతు ఉంటుందని నమ్మి కూర్చుంటే రష్మిక పాత్ర దేవా వెంట పరిగెత్తడంతోనే సరిపోయింది. ఈ అమ్మాయే భూమ కూడా అంటే ఆశ్చర్యంగా ఉంది. నటులది కాదు లోటు, వాళ్ళకి రాసేదానిలోనే ఉంటుంది.

'లక్కీ భాస్కర్' మాత్రం ఎక్కడా బోర్ కొట్టలేదు. వెంకీ అట్లూరి బ్యాంకు లెక్కల్ని, షేర్ మార్కెట్ మోసాన్ని నాలాంటి వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పారు, దుల్కర్ సల్మాన్ తెరని వదలకుండా పట్టుకున్నాడు. నాకు నచ్చనిది చివర. డబ్బు మనిషిని ఎలా మార్చిందో అంత బాగా చూపించి, ఆఖరికి డబ్బుతో సహా బయటపడేసి మనచేత చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను, అబద్ధం ఎందుకు. మర్నాడు ఆలోచిస్తే ఆ చప్పట్లు మింగుడు పడలేదు.

'లిటిల్ హార్ట్స్' హాయిగా నవ్వుకోవడానికి చూశాం, నవ్వుకున్నాం. మౌళి టైమింగ్ చాలా బాగుంది. ర్యాంకు రాని పిల్లాడి తండ్రిగా రాజీవ్ కనకాల గారు అరుస్తాడు, తిడతాడు, అయినా ఆ ఇంట్లో భయం లేదు. కొడుకు ఎదురు మాట్లాడగలడు. మంగపతి ఇంటికీ ఈ ఇంటికీ తేడా ఏంటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను, అరుపులు రెండు చోట్లా ఉన్నాయి.

'బలగం' ఇప్పటికి మూడోసారి. వేణు యెల్దండి 2023లో తీసిన ఈ సినిమాని నేను చాలామందితో చూడమని చెప్పి చూపించాను. విందులో నల్లి బొక్క దగ్గర మాటా మాటా పెరిగి అల్లుడు అలిగి వెళ్ళిపోతే, కన్న కూతురు ఇరవై ఏళ్ళు పుట్టింటి గడప తొక్కదు. తాత కొమురయ్య పోయాక పెట్టిన ముద్దని కాకి ముట్టదు. మొదటిసారి చూసినప్పుడు నాకు అన్నదమ్ముల గొడవే కనపడింది. ఈసారి ఆ కూతురు లచ్చవ్వనే చూశాను. రూపలక్ష్మి గారు వేశారు. గొడవ పడింది మగవాళ్ళు, పుట్టిల్లు పోయింది ఆవిడకి. ఆ ఇరవై ఏళ్ళలో ఆవిడని ఎవరైనా అడిగారా నీకేం కావాలని? ఎవరూ అడగలేదు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి పాట అందుకుంటే ఆ ఇంటి మనుషులు కుప్పకూలిపోతారు. ఆ పాట తాత మాట్లాడాల్సిన మాట, లచ్చవ్వ మాట్లాడాల్సిన మాట. ఇంట్లో వాళ్ళు అనలేనిది ఇంటి బయటి నుంచి వచ్చినవాళ్ళు పాడాల్సి వచ్చింది. మూడోసారి కూడా ఏడ్చాను, ఈసారి ఇంకొంచెం ముందే మొదలైంది. మనవడు సైలు ప్రేమ ట్రాక్ ఇప్పటికీ అంతగా ఎక్కదు నాకు, అది వేరే విషయం.

ఆఖరుగా చూసింది '35 - చిన్న కథ కాదు'. నందకిషోర్ ఈమాని దర్శకుడు, 2024లో వచ్చింది. తిరుపతిలో ఒక బస్ కండక్టర్ కుటుంబం. పెద్దోడు అరుణ్‌కి లెక్కలు రావు. రావు అంటే, వాడికి సందేహాలున్నాయి. సున్నాకి విలువ లేదన్నారు కదా, మరి ఒకటి పక్కన సున్నా పెడితే తొమ్మిది కన్నా పెద్దది ఎలా అయింది? వాడు అడిగింది అది. నేను సినిమా ఆపి నిజంగా ఆలోచించాను, నాకు చెప్పడం రాలేదు. స్థానాన్ని బట్టి అంకె విలువ మారుతుందని మనం బట్టీ పట్టాం, ఆ స్థానం ఖాళీ అని చెప్పడానికి సున్నా అక్కడ కూర్చుంటుందని ఎవరైనా ఒక్క నిమిషం ఆగి చెప్పి ఉంటే నాకు కూడా లెక్కలంటే అంత టెన్షన్ ఉండేది కాదేమో. లెక్కల మాస్టారు చాణక్యగా ప్రియదర్శి. 'బలగం'లో సైలు, 'కోర్ట్'లో సూర్యతేజ, ఇక్కడ పిల్లల్ని వాళ్ళ మార్కులతో పిలిచే మనిషి. ఆ గొంతులో ఎక్కడా పాత ప్రియదర్శి లేడు.

సరస్వతి పాత్రలో నివేదా థామస్. పదో తరగతి తప్పిన తల్లి, కొడుకుని పాసు మార్కులు ముప్పై అయిదు దాకా తీసుకురావడం కోసం తనే లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. భర్త ప్రసాద్ చెడ్డవాడు కాదు, ప్రేమ ఉన్నవాడే, కానీ అతనికీ పంతం ఉంది, ఆ పంతం ఎదురుగా ఆవిడ మెల్లగా, గొంతు పెంచకుండా తను చెప్పాల్సింది చెప్తుంది. సినిమా మొదటి అరగంట నెమ్మది, నేను ఒకసారి ఫోన్ కూడా చూశాను. ప్రసాద్ మనసు మారడం కూడా కాస్త తొందరగా జరిగిపోయినట్టు అనిపించింది. అయినా సరే, ఈ ఏడింటిలో ఒక్కటే పెట్టుకోమంటే నేను దీన్నే పెట్టుకుంటాను. 'ది గర్ల్‌ఫ్రెండ్' గొప్ప సినిమా, కానీ దాన్ని మళ్ళీ చూడాలంటే నాకు ధైర్యం కావాలి.

సరస్వతి పలక పట్టుకుని చదువుకుంటున్నట్టు కొడుకు పక్కన కూర్చున్న చోట అమ్మ రిమోట్ అడిగింది. ఎందుకో అనుకున్నాను. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. ఆ రాత్రి సినిమా అయిపోయాక, తను తొమ్మిదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పితే ఇంట్లో చదువు మాన్పించేశారని నాకు మొదటిసారి చెప్పింది. ఇన్నేళ్ళలో నాకు తెలీదు. నేను అడగలేదు. ఎవరు మాన్పించారు, నువ్వేమన్నావు అని అడిగితే కాసేపు ఆలోచించి, 'ఏమంటాను, ఏం అన్లేదు' అంది. తర్వాత సున్నా సంగతి మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగింది. కాగితం తెచ్చుకుని కూర్చున్నాం.