ఫైర్ ఆఫీసర్ పరీక్ష: శాఖ నిర్మాణం, నాయకత్వం పేపర్‌ని ఎలా చదవాలి

ఫైర్ ఆఫీసర్ ప్రమోషన్ పరీక్షకు కూర్చునేవాళ్లు హైడ్రాలిక్స్ లెక్కల మీద, భవన నిర్మాణ రకాల మీద నెలల తరబడి కష్టపడతారు. నగర అగ్నిమాపక శాఖ నిర్మాణం, నాయకత్వం అనే భాగానికి వచ్చేసరికి మాత్రం "థియరీయే కదా, ఆఖరి వారంలో ఒకసారి తిరగేస్తే చాలు" అనుకుంటారు. రాతపరీక్ష గట్టెక్కినవాళ్లు కూడా ఇంటర్వ్యూ బోర్డు ముందు, సిమ్యులేషన్‌లో తడబడేది ఇక్కడే. ఈ భాగంలో ప్రశ్న ఏ రూపంలో వచ్చినా లోపల అడిగేది ఒక్కటే: ఈ మనిషి ఎవరికి జవాబుదారీ, ఈ క్షణంలో అతను ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? దీన్ని పట్టుకుని చదివితే చార్టులు, రేడియో పద్ధతులు, లీడర్‌షిప్ థియరీలు అన్నీ ఒక దారిలో పడతాయి.

మొదటి పని: మీ శాఖ ఆర్గనైజేషన్ చార్టును చూడకుండా కాగితం మీద గీయండి. హోదాల పేర్లు చోటును బట్టి మారతాయి కానీ అస్థిపంజరం దాదాపు ఒకటే. అట్టడుగున కంపెనీ, అంటే ఒక ఆఫీసర్, అతని సిబ్బంది, వాళ్ల వాహనం. ఇంజిన్ కంపెనీ పని నీళ్లు, పంపు, హోస్ (నీటి గొట్టం). ల్యాడర్ కంపెనీ పని నిచ్చెనలు, తలుపులు పగలగొట్టడం, వెంటిలేషన్, లోపల మనుషుల్ని వెతకడం. కొన్ని స్టేషన్ల మీద ఒక బెటాలియన్ చీఫ్, ఆ పైన డివిజన్, డిప్యూటీ లేదా అసిస్టెంట్ చీఫ్, అందరి పైన ఫైర్ చీఫ్. పక్కన స్టాఫ్ విభాగాలు: ఫైర్ ప్రివెన్షన్, ట్రైనింగ్, కమ్యూనికేషన్స్, మెయింటెనెన్స్, ఫైనాన్స్. లైన్, స్టాఫ్ తేడా మీద ప్రశ్న తప్పకుండా ఉంటుంది. మంటల దగ్గరికి నేరుగా వెళ్లే వరస లైన్. వాళ్లు ఆ పని చేయగలిగేలా చూసేది స్టాఫ్.

గీసిన చార్టులో ప్రతి గీత మీద వేలు పెట్టి "ఇతనికి ఆర్డర్ ఇవ్వగలిగేది ఎవరు" అని అడగండి. ఇద్దరి పేర్లు వస్తే యూనిటీ ఆఫ్ కమాండ్ దెబ్బతిన్నట్టే. ఈ నియమం ప్రకారం ప్రతి మనిషికీ ఒక్కడే పై అధికారి. చెయిన్ ఆఫ్ కమాండ్ అంటే పైనుంచి కిందిదాకా ఉన్న ఆ గీత మొత్తం. యూనిఫైడ్ కమాండ్ పూర్తిగా వేరు: పోలీసు, అగ్నిమాపక, వైద్య సేవల్లాంటి వేర్వేరు సంస్థలు ఒకే ఘటనలో కలిసి లక్ష్యాలు నిర్ణయించుకునే ఏర్పాటు. ఈ మూడు పదాలనూ ఒకే ప్రశ్నకు ఆప్షన్లుగా ఇస్తారు. తొందరలో యూనిటీకి యూనిఫైడ్ అని గుర్తు పెట్టినవాళ్లు కోకొల్లలు.

స్పాన్ ఆఫ్ కంట్రోల్, అంటే ఒక అధికారికి నేరుగా రిపోర్ట్ చేసేవాళ్ల సంఖ్య, మూడు నుంచి ఏడు, మంచి నిష్పత్తి ఒకరికి ఐదుగురు. అంకె అందరికీ నోటికి వస్తుంది. ఆ హద్దు దాటితే ఏమవుతుందో చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. ఘటనాస్థలిలో ఎనిమిది కంపెనీలు నేరుగా కమాండర్‌కే రిపోర్ట్ చేస్తున్నాయనుకోండి. ఒకరి మాట వింటుండగా ఇంకొకరి పిలుపు కలిసిపోతుంది, మూడోవాళ్లు ఆగలేక సొంత నిర్ణయం తీసుకుంటారు, వాళ్లు ఏ గదిలోకి వెళ్లారో కమాండర్ బోర్డు మీదికి ఎక్కదు. జవాబులో ఈ వరస రాయాలి, తర్వాత పరిష్కారం: రెండో అంతస్తుకు ఒక డివిజన్, వెంటిలేషన్‌కు ఒక గ్రూప్ పెట్టి మధ్యలో సూపర్‌వైజర్లను నిలబెట్టడం. డివిజన్ అంటే స్థలం, గ్రూప్ అంటే పని. కమాండ్ వ్యవస్థలోని ఈ డివిజన్‌కీ, చార్టులో బెటాలియన్ పైన ఉండే డివిజన్‌కీ సంబంధం లేదు. ప్రశ్న ఘటనాస్థలి గురించా, శాఖ గురించా అన్నది ముందు తేల్చుకోండి.

సిబ్బంది సంఖ్య లెక్క చాలామంది వదిలేస్తారు. పై హోదాల పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టే లెక్క ఇది. ఒక సీటును ఏడాదంతా నింపాలంటే 8,760 గంటలు కావాలి. 24 గంటలు డ్యూటీ, 48 గంటలు విశ్రాంతి పద్ధతిలో మూడు షిఫ్టులుంటాయి, వారానికి సగటున 56 గంటలు, ఒక్కొక్కరికి ఏడాదికి 2,920 గంటలు. సెలవులు, అనారోగ్యం, ట్రైనింగ్ కింద 20 శాతం పోతుందనుకుంటే మిగిలేది 2,336. 8,760ని 2,336తో భాగిస్తే 3.75. అంటే ఒక సీటుకు మూడు షిఫ్టులకు ముగ్గురు చాలరు. నలుగురు ఎక్కే ఇంజిన్‌కు 12 మంది కాదు, 15 మంది కావాలి. ఆ ముగ్గురి లోటు ఓవర్‌టైమ్‌గా బడ్జెట్‌లో కనిపిస్తుంది, లేదా ముగ్గురితోనే బయల్దేరిన ఇంజిన్‌గా రోడ్డు మీద కనిపిస్తుంది. 20 శాతం ఇక్కడ ఊహ మాత్రమే. ప్రశ్నలో ఇచ్చిన శాతాన్ని వాడండి.

ఇంజిన్‌కు నలుగురు అన్న అంకె ఎన్‌ఎఫ్‌పీఏ 1710 ప్రమాణానిది. పూర్తికాల ఉద్యోగులున్న శాఖల కోసం అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ రాసిన ప్రమాణం ఇది. మంటల కాల్‌కు టర్న్‌అవుట్ (పిలుపు అందాక సిబ్బంది సిద్ధమై బయల్దేరే సమయం) 80 సెకన్లు, వైద్య కాల్‌కు 60 సెకన్లు, మొదటి ఇంజిన్ ప్రయాణానికి 240 సెకన్లు. మంటల కాల్‌కు ఈ రెండూ కలిపితే 320 సెకన్లు. ఫోన్ ఎత్తి సమాచారం అందించే సమయం ఇందులో లేదు. ఉచ్చు ఎక్కడుందంటే, ఈ లక్ష్యాలు 90 శాతం కాల్స్‌కు అందాలి, సగటుకు కాదు. సగటు నాలుగు నిమిషాలే ఉన్నా ఊరి శివారు పేటకు ప్రతిసారీ ఏడు నిమిషాలు పట్టవచ్చు. కొత్త స్టేషన్ ఎక్కడ పెట్టాలన్న వ్యాసప్రశ్నకు అసలు వాదన అదే.

ఘటనాస్థలిలో ఎవరు ఎవరి కింద పనిచేయాలో చెప్పే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ చరిత్రను ఐదు వాక్యాల్లో గుర్తుపెట్టుకుంటే చాలు. 1970లో కాలిఫోర్నియాలో 13 రోజులు కార్చిచ్చులు రేగాయి. 16 మంది చనిపోయారు, 700కు పైగా కట్టడాలు కాలిపోయాయి. సాయానికి వచ్చిన సంస్థల పదజాలం, రేడియో ఫ్రీక్వెన్సీలు, కమాండ్ పద్ధతులు ఒకదానితో ఒకటి కలవలేదు. అందులోంచి ఫైర్‌స్కోప్ అనే కార్యక్రమం, దాని నుంచి ఈ వ్యవస్థ పుట్టాయి. 2004లో అమెరికా దాన్ని జాతీయ ఘటనా నిర్వహణ వ్యవస్థలో భాగం చేసింది. కమాండ్, ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్, ఫైనాన్స్ అనే ఐదు విధులు, కమాండర్ పక్కన సేఫ్టీ, సమాచారం, లియేజాన్ (ఇతర సంస్థలతో సమన్వయం) ఆఫీసర్లు. హోదాల పేర్లు తారుమారు చేసి అడుగుతారు: సెక్షన్‌కు చీఫ్, బ్రాంచ్‌కు డైరెక్టర్, డివిజన్‌కూ గ్రూప్‌కూ సూపర్‌వైజర్, యూనిట్‌కు లీడర్.

ఇక సిమ్యులేషన్. తెర మీద ఒక భవనం ఫోటో వేస్తారు, చేతికి రేడియో ఇస్తారు. మొదటి అరనిమిషంలో మీరు పలికేదాన్ని బట్టే ఎగ్జామినర్‌కు మీ మీద ఒక అంచనా ఏర్పడుతుంది. మాట ఇలా సాగాలి: "ఇంజిన్ 3 చేరుకుంది. మూడంతస్తుల అపార్ట్‌మెంట్. రెండో అంతస్తు ఆల్ఫా, బ్రావో మూల కిటికీల్లోంచి దట్టమైన పొగ, మంట కనిపించడం లేదు. మెయిన్ స్ట్రీట్ కమాండ్ నేను తీసుకుంటున్నాను, కమాండ్ పోస్ట్ ఆల్ఫా వైపు. లోపలికి వెళ్లి దాడి చేసే పద్ధతి. ఇంజిన్ 3 సిబ్బంది మెట్ల గుండా రెండో అంతస్తుకు హోస్ లైన్. రెండో అలారం పంపండి." ఎవరొచ్చారు, భవనం ఏమిటి, కనిపిస్తున్నదేమిటి, కమాండ్ ఎవరిది, పద్ధతి ఏది, ఏం చేస్తున్నారు, ఇంకేం కావాలి. చిరునామా ఉన్న ముఖభాగం ఆల్ఫా, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో బ్రావో, చార్లీ, డెల్టా. ఎక్కువమంది పొగ రంగునూ వేగాన్నీ చక్కగా వర్ణించి, కమాండ్ ఎవరిదో చెప్పకుండా వదిలేస్తారు. అప్పుడు రెండో ఇంజిన్ ఎవరికి రిపోర్ట్ చేయాలి? పది ఫోటోలు తీసుకుని మీ గొంతు రికార్డు చేసి వినండి. ఏది మరిచిపోతున్నారో మీకే వినిపిస్తుంది.

లోపలికి ఇద్దరు వెళ్తే బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలన్న నియమం కూడా సిమ్యులేషన్‌లో పరీక్షిస్తారు. లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిసినప్పుడు ప్రాణరక్షణకు మినహాయింపు ఉంది. మినహాయింపు వాడుకుంటే కారణం రేడియోలో పైకి చెప్పండి.

శ్వాస పరికరం లెక్క నాయకత్వం పేపర్‌లో ఎందుకొస్తుందని కొందరు అడుగుతుంటారు. సిబ్బందిని ఎప్పుడు వెనక్కి పిలవాలో తేల్చేది ఆ లెక్కే. "30 నిమిషాల" సిలిండర్‌లో సుమారు 1,200 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్కగట్టిన పేరు అది. హోస్ లాగుతూ మెట్లెక్కే మనిషి 80 లీటర్లు పీలిస్తే 15 నిమిషాల్లో సిలిండర్ ఖాళీ. 33 శాతం దగ్గర అలారం మోగితే మిగిలింది సుమారు 400 లీటర్లు, అంటే ఐదు నిమిషాలు. లోపలికి పోవడానికి ఏడు నిమిషాలు పట్టినవాడు అలారం మోగాక వెనుదిరిగితే బయటికి రాలేడు. కమాండర్ నిర్ణీత వ్యవధిలో సిబ్బంది లెక్క అడగడం, డిస్పాచ్ (కంట్రోల్ రూమ్) నుంచి గడిచిన సమయం చెప్పించుకోవడం ఇందుకే. మేడే, అంటే ఆపదలో చిక్కుకున్న సిబ్బంది నుంచి రేడియో పిలుపు, వస్తే అడగాల్సినవి: ఎక్కడున్నావు, ఏ యూనిట్, పేరు, ఏ పని మీద వెళ్లావు, ఎంత గాలి ఉంది, ఏం కావాలి.

కేస్ స్టడీలు రెండు చాలు, కానీ లోతుగా. 1988 జూలై 1న న్యూజెర్సీలోని హ్యాకెన్‌శాక్‌లో ఒక కార్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. విల్లు ఆకారపు ట్రస్ (దూలాల చట్రం) పైకప్పు కూలి ఐదుగురు సిబ్బంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు కూలిన తర్వాత కూడా బతికే ఉండి రేడియోలో సాయం కోసం పిలిచారు. కిక్కిరిసిన రేడియోలో ఆ పిలుపులు సమయానికి అందాల్సినవాళ్లకు అందలేదు. ఘటనాస్థలికి విడి ఛానల్ ఎందుకు, ఆర్డర్ విన్నవాడు తిరిగి ఎందుకు పలకాలి అన్న ప్రశ్నలకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. రెండోది 1999 డిసెంబర్ 3, మసాచుసెట్స్‌లోని వూస్టర్. కిటికీలు దాదాపు లేని పాడుబడ్డ కోల్డ్ స్టోరేజ్ గోదాము. లోపల ఇల్లూ వాకిలీ లేనివాళ్లు ఉండొచ్చన్న సమాచారంతో వెతకడానికి వెళ్లిన ఇద్దరు దారి తప్పారు. వాళ్ల కోసం వెళ్లినవాళ్లలో నలుగురు తిరిగి రాలేదు. అప్పుడు డిస్ట్రిక్ట్ చీఫ్ మైకేల్ మెక్‌నమీ, లోపలికి దూకడానికి సిద్ధంగా ఉన్న తన మనుషుల్ని గుమ్మం దగ్గర అడ్డుకుని ఇంకెవరూ వెళ్లకూడదని ఆపేశాడు. తోటివాళ్లు లోపలున్నారని తెలిసీ ఆ మాట అనడం కంటే కష్టమైన ఆర్డర్ ఈ ఉద్యోగంలో ఉండదేమో. రిస్క్, ప్రయోజనం బేరీజు గురించి బోర్డు అడిగినప్పుడు ఈ ఘటనను గౌరవంగా, వివరంగా చెప్పండి.

థియరీలను పట్టిక వేసుకుని ఒక్కరోజులో ముగించవచ్చు. మాస్లో అవసరాల మెట్లు 1943, హెర్జ్‌బర్గ్ ప్రేరణ సిద్ధాంతం 1959, ఫ్రెంచ్, రేవెన్‌ల ఐదు అధికార మూలాలు 1959, మెక్‌గ్రెగర్ ఎక్స్, వై థియరీలు 1960. హెర్జ్‌బర్గ్ దగ్గర జీతం హైజీన్ అంశం. అది తగ్గితే అసంతృప్తి, పెరిగినంత మాత్రాన ప్రేరణ కాదు. నిజంగా సమయం పెట్టాల్సింది మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ మీద. 1980ల్లో ఆయన ఫైర్ కమాండర్లనే అధ్యయనం చేశాడు. అనుభవజ్ఞులు నాలుగు మార్గాలు పక్కపక్కన పెట్టి పోల్చడం లేదని, పరిస్థితిని గుర్తుపట్టి మొదట తట్టిన చర్యను మనసులో నడిపించి చూసి అమలు చేస్తున్నారని తేల్చాడు. "నిర్ణయం ఎలా తీసుకుంటారు" అన్న ప్రశ్నకు పుస్తకాల్లోని ఆరు మెట్ల పద్ధతిని ఘటనాస్థలికి అప్పజెప్పకండి. అది బడ్జెట్, కొనుగోళ్లలాంటి ఆఫీసు పనులకు సరిపోతుంది.

క్రమశిక్షణ ప్రశ్నల్లో మౌఖిక హెచ్చరిక, లిఖిత మందలింపు, సస్పెన్షన్, హోదా తగ్గింపు లేదా తొలగింపు అన్న వరస మామూలుదే. రోల్‌ప్లేలో మార్కులు పోయేది వేరేచోట. వేధింపుల ఫిర్యాదు చేయడానికి వచ్చిన ఉద్యోగి "ఎవరికీ చెప్పొద్దు సార్" అంటాడు. జాలిపడి మాట ఇచ్చేస్తే అక్కడికక్కడే ఫెయిల్. విన్నది పైకి నివేదించే బాధ్యత తనకుందని ముందే చెప్పి, తెలియాల్సినవాళ్లకు మాత్రమే చేరేలా చూస్తానని హామీ ఇవ్వాలి.

ఆఫీసర్ బల్ల మీదికి వచ్చే కాగితాల కట్ట ఇచ్చి పరిష్కరించమనే ఇన్‌బాస్కెట్ పరీక్షలో మొదటి కాగితానికి వెంటనే జవాబు రాయడం మొదలుపెట్టకండి. మొత్తం కట్టను ఒకసారి చదవాలి, కాగితాల మధ్య ముడులు కావాలనే వేస్తారు కాబట్టి. నాలుగో మెమోలో ఒక శ్వాస పరికరం ఫ్లో టెస్ట్ ఫెయిలైందని ఉంటుంది. పదకొండో మెమోలో రేపు ఉదయం డ్రిల్‌కు అదే నంబరు సెట్ కేటాయించి ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండూ మామూలు కాగితాలే. ప్రాణభద్రతకు సంబంధించినవి ముందు, గడువున్నవి తర్వాత, మిగతావి చివర. ప్రతి దాని మీదా ఏం చేశారు, ఎవరికి అప్పగించారు, ఎప్పటిలోగా, ఎవరికి తెలియజేశారు అన్న నాలుగూ రాయండి. అన్నీ తామే చేస్తామని రాసేవాళ్లకు డెలిగేషన్ మార్కులు పోతాయి. పని అప్పగించి గడువు రాయనివాళ్లకూ అంతే.